కల్యాణపట్టణము: రాజధాని నుండి రైతుల ఊరి వరకు

కల్యాణమను మాటకు శుభమని అర్థము. పెండ్లికిని అదియే పేరు. కాని శివశరణుల సంప్రదాయమున పెరిగిన ఇండ్లలో ఆ మాట వినగానే మొదట స్ఫురించునది ఒక ఊరు. ఇష్టలింగపూజ ముగించి పెద్దలు పిల్లలను చెంత కూర్చుండబెట్టి కథ చెప్పునప్పుడు ఆ ఊరి పేరు రాకమానదు. బసవేశ్వరులు భండారిగా నుండినది అచట. అల్లమ ప్రభువు శూన్యసింహాసనమును అధిష్ఠించినది అచట. అక్కమహాదేవి శరణుల ప్రశ్నలకు నిలిచి సమాధానము చెప్పినది అచట. ఇన్ని కథలు విన్నవారిలో ఆ ఊరు భూమిపై ఎచట నున్నదో, తరువాత దాని గతి యేమైనదో, నేడు అచటివారు ఏమి పండించి ఎట్లు బ్రతుకుచున్నారో ఎరిగినవారు తక్కువ. పురాణములోని కల్యాణమును, పటములోని కల్యాణమును ఒకచోట చేర్చి చూచుటయే ఈ పాఠమున కుద్దేశము.

ఊరి ఉనికి

హైదరాబాదు నుండి షోలాపురము పోవు రాజమార్గమున సంగారెడ్డి, జహీరాబాదు దాటి కర్ణాటక రాష్ట్రమున ప్రవేశించి, హుమ్నాబాదు మీదుగా సాగినచో సస్తాపూరు బంగ్లా అను కూడలి వచ్చును. అచటికి కొలదిదూరమున నున్నదే నేటి బసవకల్యాణము. ఇది బీదరు జిల్లాలో నొక తాలూకా కేంద్రము. 2011 జనగణనము నాటికి ఊరి జనసంఖ్య డెబ్బదివేలకు దరిదాపు. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరనే యుండుటచే కన్నడముతోపాటు మరాఠీ, ఉర్దూ భాషలు కూడ వీధులలో వినవచ్చును.

ఊరి ప్రక్కన పెద్దనది లేదు. మాంజీర జిల్లాకు ఉత్తరభాగమున పారును. చుట్టును నల్లరేగడి, ఎర్రనేలలు కలిసిన మెట్టభూములు. ఇట్టి చోట ఒక మహాసామ్రాజ్యమునకు రాజధాని ఎట్లు వెలసినదని చదువరికి సందేహము కలుగుట సహజము.

రాజధాని యైన విధము

973లో రెండవ తైలపుడు రాష్ట్రకూటుల నోడించి చాళుక్యరాజ్యమును తిరిగి నిలబెట్టెను. మొదట వారి రాజధాని మాన్యఖేటము, అనగా నేటి కలబురగి జిల్లాలోని మళఖేడు. 1042 నుండి 1068 వరకు పాలించిన మొదటి సోమేశ్వరుడు రాజధానిని కల్యాణమునకు మార్చెను. నాటినుండి ఆ వంశమువారికి కల్యాణి చాళుక్యులను పేరు స్థిరపడినది.

ఆ వంశమున ఆరవ విక్రమాదిత్యుడు మిక్కిలి ప్రసిద్ధుడు. 1076లో సింహాసన మెక్కి తన పేర చాళుక్య విక్రమశకమును నెలకొల్పి, 1126 వరకు అర్ధశతాబ్దము రాజ్యము చేసెను. కాశ్మీరమునుండి వచ్చిన బిల్హణకవి ఇతని ఆస్థానమున నుండియే విక్రమాంకదేవచరితమును రచించెను. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను వ్రాసిన విజ్ఞానేశ్వరుడును ఈ కాలమువాడే. మితాక్షర తరువాతి శతాబ్దములందు దేశమున అధికభాగము హిందువుల దాయవిభాగమునకు ప్రమాణ మాయెను. విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు రాజనీతి మొదలు పాకశాస్త్రము వరకు అనేకవిషయములను చేర్చి మానసోల్లాసమను గ్రంథమును కూర్చెను.

ఆ వైభవమునకు గుర్తులు నేడు కల్యాణమునందు కంటె చుట్టుప్రక్కల పల్లెలందే ఎక్కువగా కనబడును. నారాయణపురమునను, ఉమాపురమునను చాళుక్యుల నాటి శివాలయములు కలవు. హుమ్నాబాదు తాలూకాలోని జలసంగ్వి ఆలయపు గోడపై ఒక శిలాసుందరి విక్రమాదిత్యుని కీర్తిని తానే శాసనముగా లిఖించుచున్నట్లు చెక్కబడియున్నది.

తెలుగు దేశమునకు ఈ రాజ్యముతో సంబంధము గట్టిది. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని కొలనుపాక, నాడు కొల్లిపాక, చాళుక్యుల ముఖ్యస్థానములలో నొకటి. అచటి సోమేశ్వరలింగమునుండి రేణుకాచార్యులు ఉద్భవించిరని వీరశైవ సంప్రదాయము. కాకతీయులును మొదట కల్యాణి చాళుక్యులకు సామంతులే. చాళుక్యుల బలము సన్నగిల్లిన పిమ్మట రుద్రదేవుడు 1163 నాటి అనుమకొండ శాసనమున తన స్వాతంత్ర్యమును చాటెను.

శరణుల కల్యాణము

చాళుక్యుల సామంతుడై మంగళవాడ నేలుచుండిన కలచురి బిజ్జలుడు 1157 ప్రాంతమున విజృంభించి, 1162 నాటికి కల్యాణమున చక్రవర్తి బిరుదములను ధరించెను. బసవేశ్వరులు కల్యాణమున నుండినది ఈ బిజ్జలుని కాలమున. వారు బాగేవాడిలో జన్మించిరి. జన్మసంవత్సరము 1131 అని పలువురును, 1105 అని కొందరును, 1134 అని మరికొందరును చెప్పుదురు. కూడలసంగమమున విద్యాభ్యాసము చేసి, మంగళవాడలో కరణముగా చేరి, క్రమముగా బిజ్జలుని భండారి యైరి.

భండారి యనగా రాజ్యపు ధనమునకు బాధ్యుడు. ప్రజల చెమట ఎట్లు పన్నుగా మారునో, ఆ పన్ను ఎచటికి పోవునో అతనికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు. బసవేశ్వరుల బోధలో కాయకమునకు, దాసోహమునకు ఇంతటి ప్రాముఖ్యము కలుగుటకు ఈ అనుభవమును ఒక కారణమని భావింపవచ్చును. ప్రతివాడును తన చేతులతో సంపాదింపవలెను, అది కాయకము. సంపాదించినదానిలో తన యవసరమునకు మించినది సంఘమునకు వినయముతో నర్పింపవలెను, అది దాసోహము. పని చేయనివానికి పూజచే పుణ్యము రాదనియు, పనిలో హెచ్చుతగ్గులు లేవనియు ఈ రెండింటి సారము.

పాఠకులు ఇచట శరణుల పేరులను ఒకమారు నెమ్మదిగా చదువవలెను. మడివాళ మాచయ్య బట్టలుదుకువాడు. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లువాడు. మోళిగె మారయ్య కట్టెలు కొట్టి తెచ్చువాడు. ఒక్కలిగ ముద్దన్న సేద్యము చేయువాడు. హరళయ్య చెప్పులు కుట్టువాడు. రాజుల శాసనములలో దానమిచ్చినవారి పేరులుండును. పన్ను కట్టినవారి పేరులు కానరావు. కల్యాణ చరిత్రలో మాత్రము ఊరి పనివారందరు తమతమ పేరులతో, తమతమ మాటలతో నిలిచియున్నారు. వీరిలో పలువురు స్వయముగా వచనములు చెప్పిరి. పండ్రెండవ శతాబ్దమున ఒక పడవవాడు, ఒక త్రాళ్లు పేనువాడు, ఒక రైతు తమ మాతృభాషలో ధర్మమును గూర్చి చర్చించిరనుట సామాన్యవిషయము కాదు.

ఆయ్దక్కి మారయ్య కథ ఈ సందర్భమున స్మరింపదగినది. నేలరాలిన బియ్యమును ఏరుకొని వచ్చుట అతని కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి, అంత ఆశ శివభక్తునకు తగదనియు, మిగిలినదానిని తెచ్చినచోటనే విడిచి రావలసినదనియు చెప్పెను. మారయ్య మారుపలుకక తిరిగి పోయెను. ఈ కథలో ధర్మబోధ చేసినది భార్య, విన్నది భర్త. కరవు కాలమున ధాన్యము దాచుకొని ధర పెరుగువరకు వేచియుండువారు ఏ కాలమందైనను కలరు. వారికి లక్కమ్మ మాట నేటికిని వర్తించును.

పెండ్లి, పిమ్మట విప్లవము

ఊరి పేరు కల్యాణము. ఆ ఊరు చెదరిపోవుటకు కారణమైనదియు ఒక కల్యాణమే. హరళయ్య కుమారునకు, బ్రాహ్మణకులమునుండి వచ్చి శరణుడైన మధువరసుని కుమార్తెకు వివాహము జరిగెను. లింగధారణము చేసినపిమ్మట పూర్వకులము లేదని శరణులు నమ్మిరి, నమ్మినదానిని ఆచరించిరి. ఆచారమునకు భంగము కలిగినదని రాజసభలో ఫిర్యాదు చేరెను. బిజ్జలుడు ఆ యిరువురు తండ్రులకును క్రూరమరణదండన విధించెనని సంప్రదాయము చెప్పును. పట్టణము అల్లకల్లోలమాయెను. బసవేశ్వరులు కూడలసంగమమునకు తరలి అచట లింగైక్యము నొందిరి. చెన్నబసవన్న మొదలగువారు వచనముల ప్రతులను కాపాడుకొనుచు ఉళివికి పోయిరి. అక్కమహాదేవియు, అల్లమ ప్రభువును శ్రీశైలమందలి కదళీవనమున ఐక్యమైరని ప్రతీతి.

ఇచట చరిత్ర చదువువారు ఒక జాగ్రత్త వహింపవలెను. 1167లో బిజ్జలుని పాలన ముగిసినది. అతడు శరణుల చేత హతుడయ్యెనని పురాణములు చెప్పగా, కుమారుడైన సోవిదేవునకు రాజ్యమప్పగించి తప్పుకొనెనను సూచన శాసనములలో కలదు. బసవేశ్వరుల వంశమును పేర్కొను అర్జునవాడ శాసనము 1260 నాటిది, అనగా దాదాపు ఒక శతాబ్దము తరువాతిది. శిలాశాసనము చెప్పునది ఒకటి, కావ్యము చెప్పునది మరియొకటి, ఊరివారు తరతరములుగా చెప్పుకొనునది వేరొకటి. మూడింటిని కలగాపులగము చేయక, దేని విలువను దానికిచ్చి చదువుట విజ్ఞుల లక్షణము. అట్లు చదివినంత మాత్రమున భక్తికి లోపము కలుగదు. సత్యమునకు వెరవవలసిన అవసరము శరణధర్మమునకు లేదు.

కావ్యముల మాట వచ్చినప్పుడు తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. బసవేశ్వరుల చరిత్రను మొదట మహాకావ్యముగా కూర్చినది తెలుగు కవియైన పాలకురికి సోమనాథుడు. అతని ద్విపద బసవపురాణమునే 1369లో భీమకవి కన్నడమునకు తెచ్చెను. కన్నడదేశమున నడచిన చరిత్ర తెలుగున కావ్యమై, ఆ కావ్యము తిరిగి కన్నడమునకు పోయినది.

కోట, జాగీరు

శరణులు చెదరినపిమ్మట కల్యాణమునకు రాజధాని యోగము ఎక్కువకాలము నిలువలేదు. నాల్గవ సోమేశ్వరుడు చాళుక్యరాజ్యమును కొంతకాలము పునరుద్ధరించినను, 1189 నాటికి అదియు ముగిసి, దేవగిరి యాదవుల అధికారము వచ్చెను. 1347లో బహమనీ రాజ్యము ఏర్పడినది. చాళుక్యుల నాటి కోట బహమనీల కాలమున కొత్త గోడలతో బలపడెను. తరువాత బరీద్‌షాహీలు, ఆదిల్‌షాహీలు దానికొరకు పెనుగులాడిరి. 1657లో మొగలు రాకుమారుడు ఔరంగజేబు బీదరును పట్టుకొని, పిదప కల్యాణి కోటను ముట్టడించి వశపరచుకొనెను. నిజాం పాలనలో ఈ ఊరు కల్యాణి నవాబుల జాగీరు. ఊరిలో మఠములతోపాటు దర్గాలును వెలసి, ఉభయులును ఒకే చెరువు నీరు త్రాగుచు శతాబ్దములు గడపిరి.

ఆ కాలమున కన్నడమునకును, తెలుగునకును ఒకే కష్టము. హైదరాబాదు సంస్థానమున పాలనభాష, ఉన్నతవిద్యాభాష ఉర్దూ. తెలుగువారు గ్రంథాలయముల ద్వారమున భాషను నిలుపుకొనిరి. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము అందుకు తొలిమెట్టు. బీదరు ప్రాంతమున భాల్కి హిరేమఠాధిపతులైన డాక్టర్ చెన్నబసవ పట్టద్దేవరు పాఠశాలకు వెలుపల ఉర్దూ పలక తగిలించి లోపల కన్నడము చెప్పించిరని ప్రసిద్ధి. కల్యాణమున అనుభవ మంటపమును తిరిగి నెలకొల్పుటకు పాటుపడినదియు వారే. మఠమనగా పూజాస్థలము మాత్రమే కాక బడియు, అన్నసత్రమును కావలెనని వారు ఆచరించి చూపిరి.

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజనము జరిగినప్పుడు బీదరు జిల్లా మూడు ముక్కలయ్యెను. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకును, ఉద్‌గీరు, నిలంగా మొదలగునవి బొంబాయి రాష్ట్రమునకును, మిగిలినది మైసూరు రాష్ట్రమునకును పోయినవి. ఆ యేటనే కల్యాణి పేరు బసవకల్యాణముగా మారెను. చక్రవర్తుల పేరు కాక, కోట గెలిచినవారి పేరు కాక, భండారియొక్క పేరు ఊరికి నిలిచినది. 2019లో హైదరాబాదు కర్ణాటక ప్రాంతమంతకును కల్యాణ కర్ణాటకమను పేరు వచ్చెను.

పొలము, పంట

నేడు ఈ తాలూకా బ్రతుకు సేద్యము మీద నడచును. వానకారున పెసర, మినుము, కంది, సోయాచిక్కుడు విత్తుదురు. చలికారున జొన్న, శనగ వేయుదురు. నీటివసతి గలచోట చెరకు పండింతురు. చుళుకినాల జలాశయము కొంతభూమికి ఆధారము. తక్కిన భూమి వానపై ఆధారపడినదే. వాన సకాలమున కురిసిన సంవత్సరము ఇంట జొన్నరొట్టెకు, పప్పునకు లోటుండదు. తప్పిన సంవత్సరము చిన్నరైతులును, కూలీలును పని వెదకుకొని హైదరాబాదు మొదలగు నగరములకు తరలుదురు. హైదరాబాదున కట్టుచున్న మేడలలో ఇటుకలు మోయువారిలో బీదరు పల్లెలవారు అనేకులు. శరణులు వలసపోయినది ఒక్కమారు. ఈ వలస కరవు వచ్చినపుడెల్ల జరుగునది.

నీటి విషయమున పూర్వులు చేసిన పని గమనింపదగినది. నది లేని ఊరికి వారు చెరువు త్రవ్విరి. త్రిపురాంతక చెరువు నేటికిని ఊరికి అలంకారము. మడివాళ మాచయ్య పేరుతో ఒక గుండము కలదు. అక్క నాగమ్మ గుహ, నులియ చందయ్య గుహ మొదలగువానిని యాత్రికులు దర్శింతురు. శరణుల జ్ఞాపకములు పెక్కులు నీటిపట్టులతో, గుహలతో ముడిపడియుండుట విశేషము. కట్టడములు కూలిపోవచ్చును గాని, వాడుకలో నున్న గుండమును ఊరు మరువదు.

వారసత్వమనగా నేమి?

ఇటీవలి కాలమున బసవకల్యాణమునకు ప్రభుత్వ దృష్టియు, యాత్రికుల రాకయు పెరిగినవి. 2012లో 108 అడుగుల బసవేశ్వర విగ్రహము వెలసెను. 2021 జనవరిలో 500 కోట్ల రూపాయల అంచనాతో నూతన అనుభవ మంటపమునకు శంకుస్థాపన జరిగెను. 2024 జనవరిలో కర్ణాటక ప్రభుత్వము బసవేశ్వరులను రాష్ట్ర సాంస్కృతిక నాయకునిగా ప్రకటించెను. ఇవన్నియు సంతోషింపదగినవే. అయితే రాతితో కట్టినది రాతివలెనే నిలుచును. కల్యాణమును కల్యాణముగా నిలిపినవి మూడు. అవి ఇండ్లలోను మఠములలోను కాపాడుకొనవలసినవి.

మొదటిది మాట. ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి గారు ఇండ్లయందును, మఠములయందును మూలబడిన తాటాకుప్రతులను వెదకి తెచ్చి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటింపకున్నచో శరణుల మాటలలో నెంతభాగము చెదలపాలై యుండెడిదో ఊహింపవచ్చును. తెలుగు మఠములయందును, జంగమ కుటుంబముల పెట్టెలయందును తాటాకులు, చేతివ్రాతలు ఉండవచ్చును. వానిని పసుపు కుంకుమలతో పూజించి మరల కట్టిపెట్టుట చాలదు. చదువగలవారికి చూపి, నకలు తీయించి, భద్రపరుపవలెను.

రెండవది పని. కాయకమును స్తుతించుచు, చేతిపని చేయువానిని అరుగుమీద కూర్చుండనీయని ఇల్లు శరణుల ఇల్లు కాదు. పొలముదున్ను కుమారుని కంటె కుర్చీలో కూర్చుండు కుమారుడు గొప్పవాడని తలచు తల్లిదండ్రులు ఒక్కలిగ ముద్దన్నను స్మరింపవలెను.

మూడవది, అన్నింటికంటె కఠినమైనది, సమత్వము. హరళయ్య, మధువరసులు ప్రాణములిచ్చినది ఒక పెండ్లికొరకు. ఆ కథను పురాణముగా చెప్పించుకొని కన్నీరు పెట్టువారే తమ ఇంట సంబంధము చూచునప్పుడు శాఖ యేది, ఉపశాఖ యేది, పూర్వవృత్తి యేది అని విచారించుచున్నారు. ఎనిమిదివందల యేండ్ల క్రిందట కల్యాణము వేసిన ప్రశ్న ఇదియే. దానికి సమాధానము శిలాశాసనములలో దొరకదు. ఒక్కొక్క కుటుంబము తన నడవడిచేతనే చెప్పవలెను.

రాజ్యము పోయి, జాగీరు పోయి, నేడు కల్యాణము కందిచేల నడుమ నొక చిన్నపట్టణము. అయినను తెలుగు పల్లెలో ఒక ముసలమ్మ మనుమని ఒడిలో పెట్టుకొని ఆ ఊరి కథ చెప్పుచునే యున్నది. ఆ కథను మనుమడు పెద్దవాడై ఆచరించిననాడు కల్యాణము చెదరలేదనియే భావింపవచ్చును.

మననమునకు ప్రశ్నలు

1. కల్యాణమునకు రాజధాని యోగము కలిగించిన రాజెవరు? ఊరికి నేటి పేరు ఏ సంవత్సరమున వచ్చినది?

2. కాయకమునకును, కేవలము జీతమునకు చేయు పనికిని భేదమేమి? ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ ఆధారముగా వివరింపుడు.

3. బిజ్జలుని అంత్యమును గూర్చి పురాణములు చెప్పునదియు, శాసనములు సూచించునదియు ఎట్లు భిన్నము? ఇట్టిచోట చదువరి ఎట్లు మెలగవలెను?

4. మీ ఊరిలో శరణుల పేరుతోగాని, మఠము పేరుతోగాని ఉన్న చెరువు, బావి, గుండము ఏది? దాని స్థితి నేడెట్లున్నది? పెద్దలనడిగి తెలిసికొని వ్రాయుడు.

5. హరళయ్య, మధువరసుల వృత్తాంతము మీ కుటుంబమునకు ఏమి బోధించుచున్నది? ఇంటివారందరు కూర్చుండి చర్చింపుడు.